చీమలు పట్టిన బ్యాకప్

కంప్యూటరుకీ మనిషికీ మధ్య ఇంకా కాస్త మర్యాద మిగిలి ఉన్న రోజులవి. ఇప్పుడైతే మనం పడుకున్నాక ఫోను తనంతట తానే కొత్త వెర్షన్ వేసుకుని, పొద్దున లేచేసరికి కొత్త మొహంతో పలకరిస్తోంది. అప్పట్లో ఆపరేటింగ్ సిస్టం మార్చడమంటే ఇల్లు మారినంత పని. మంచిరోజు చూసుకునేవాళ్లం. సింధనూరు నుంచి మనిషిని పిలిపించి, టీ తాగించి, అతను పని చేస్తున్నంతసేపూ వెనకాల నిలబడి ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. సరిగ్గా ఆ కాలంలోనే నేను మస్కిలో ఒక ఫొటో స్టూడియోలో పనికి కుదిరాను. మాది గిల్లేసూగూరు. రాయచూరులో కొన్నాళ్లు కంప్యూటర్ కోర్సు చేశాను (కోర్సు సగం కాలం కరెంటు లేదు, మిగతా సగం సార్ లేరు). అయినా మా చుట్టాలందరిలో కంప్యూటర్ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ ఖ్యాతిని మోసుకుంటూ, అమ్మ వైపు దూరపు చుట్టమైన ఒక మామ దగ్గర చేరాను.

మామని ఊరంతా నగ్రీ మామ అనేది. ఫొటో తీసే ముందు ఎవరినైనా సరే ‘స్వల్ప నగ్రీ’ అనేవాడు, కన్నడంలో కొంచెం నవ్వండి అని. ఆయన మాత్రం నవ్వగా చూసినవాళ్లు మస్కి తాలూకాలోనే లేరు. ఫిల్ము రీళ్ల కాలం నుంచీ ఫొటోలు తీస్తున్నవాడు కావడంతో కంప్యూటర్ అంటే ఆయనకి నమ్మకం తక్కువ, భక్తి ఎక్కువ. చెప్పులు విడిచి దాని దగ్గరికి వచ్చేవాడు గానీ మౌసు ముట్టుకునేవాడు కాదు. పెళ్లిళ్లలో ఆయన ఫొటోలు తీస్తే నేను పక్కన లైటు ఎత్తి పట్టుకునేవాణ్ణి, తిరిగొచ్చాక కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. సీజన్లో ఒక పెళ్లి కాగానే ఇంకో పెళ్లికి పరుగెత్తాలి కాబట్టి కెమెరా కార్డులో ఉన్నవి కంప్యూటర్లోకి ఎక్కించి, కార్డు వెంటనే ఖాళీ చేసేవాళ్లం. ఆ ఫొటోలని భద్రంగా ఉంచడం నా బాధ్యత. అందుకోసం మామ చేత ఒక హార్డ్ డిస్క్ కొనిపించాను. దాంతోపాటు సీడీలో ఒక బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. అది ఫొటోలన్నిటినీ కలిపి ఒకే ఒక్క మూటగా కట్టేది. ఆ మూట విప్పాలంటే మళ్లీ ఆ సాఫ్ట్‌వేరే కావాలి. ఈ రెండో సంగతి మీద నేను పెద్దగా మనసు పెట్టలేదు. వారం వారం మూట కట్టి, డిస్కు మీద గుడ్డ కప్పి, దేశ రక్షణ ముగించుకున్నవాడిలా ఇంటికి వెళ్లేవాణ్ణి.

ఆ ఎండాకాలం మేము చేసిన పెళ్లిళ్లలో తుర్విహాళ దగ్గర ఒక క్యాంపులో జరిగిన పెళ్లి ఒకటుంది. ఆంధ్ర నుంచి వచ్చి కాలవ కింద భూములు కొనుక్కుని వరి వేసినవాళ్ల ఊళ్లని మా వైపు క్యాంపులంటారు (వాళ్ల మనవళ్లకి కూడా ఇక్కడే పెళ్లిళ్లవుతున్నా ఆ పేరు పోలేదు). పెళ్లికూతురి తల్లిని నేను క్యాంపు అత్త అనేవాణ్ణి. ఆవిడకి పెళ్లికూతుర్ని చేసిన రోజు నుంచే జ్వరం. పెళ్లింట్లో జ్వరమంటే అందరూ కంగారు పడతారని మాత్రలు మింగుతూ తిరిగింది. తీరా పెళ్లిరోజు పొద్దున గాడిపొయ్యి దగ్గర కళ్లు తిరిగి పడిపోతే సింధనూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ముహూర్తం ఆపొద్దని అక్కడి నుంచే కబురు పెట్టింది. మండపంలో ఎవరో ఫోను ఎత్తి పట్టుకుంటే, ఇటు సెలైన్ సీసా కింద పడుకుని మేళం విన్నది. ఒక్కగానొక్క కూతురు పెళ్లిని కన్నతల్లి చెవులతో చూసింది, అంతే. వీడియో పెట్టించుకోలేదు, ఆ లైట్ల వేడికి ఆవిడ భర్తకి తలనొప్పి వస్తుందట. కాబట్టి ఆవిడ చూడాల్సిన పెళ్లంతా మా దగ్గరే ఉంది. ఎవరెవరో ఫోన్లు తెచ్చి చూపించబోతే వద్దన్నదట. చూస్తే మొదటి పేజీ నుంచి, వరసగా, పీటేసుకు కూర్చుని చూస్తానని మొండికేసింది.

ఒళ్లు కుదుటపడ్డాక ఆవిడ తుర్విహాళలో బస్సెక్కి మస్కి రావడం మొదలుపెట్టింది. చేతిలో ఒక స్టీలు డబ్బా. అందులో సున్నుండలో, గోంగూర పచ్చడో, జంతికలో ఉండేవి. ఆల్బం అయిందా అని అడిగేది. మామ ఎప్పటిలాగే ‘రేపు’ అనేవాడు. ఫొటోగ్రాఫర్ల భాషలో రేపు అంటే దీపావళి లోపల అని అర్థం. ‘రేపంటే క్యాలెండర్లో రేపా అన్నయ్యగారూ, మీ రేపా?’ అని అడిగేది ఆవిడ, కోపం లేకుండానే. (ఆవిడ మామని అన్నయ్యగారూ అనేది, మామ ఆవిడని అక్కా అనేవాడు. ఎవరు పెద్దో చివరిదాకా తేలలేదు.) మామ ఆ డబ్బా కడిగించి, అడుగున పిడికెడు చక్కెర పోసి తిరిగిచ్చేవాడు. ఒకరి గిన్నె ఖాళీగా తిరిగిస్తే ఇద్దరికీ మంచిది కాదని మా వైపు పట్టింపు. నిజానికి ఆలస్యం మామది కూడా కాదు. ఆ పాత కంప్యూటర్ ముసలిదైపోయి, ఆల్బం డిజైన్ చేద్దామని పెద్ద ఫొటో తెరిస్తే చాలు, ఆగిపోయి ఊరుకునేది.

చివరికి దసరా దగ్గర పడుతుండగా మామ తెగించి కొత్త కంప్యూటర్ ఆర్డర్ ఇచ్చాడు. ఆయుధ పూజకి కొత్తది పీట మీద ఉండాలి, పాతది దాని పక్కన ఉండకూడదు. సింధనూరు కంప్యూటర్ షాపతను కొత్తది తెచ్చి బిగించాడు. అందులో అప్పుడే వచ్చిన కొత్త ఆపరేటింగ్ సిస్టం. తెర మీద బొమ్మలు నీళ్లలో తేలుతున్నట్టు కదిలాయి. పాతదాన్ని ఎక్స్‌చేంజిలో తీసుకెళ్తానన్నాడు. మామ నా వైపు తిరిగి ఫొటోలు భద్రమేనా అని అడిగాడు. నేను హార్డ్ డిస్కు మీద గుడ్డ తీసి చూపించాను. అప్పుడు మామ షాపతనితో ‘ఒగరింటి ఆడపిల్లల ఫొటోలు ఇంగొగరింటికి పోవద్దు. గిన్నె కడిగినట్ల కడుగు’ అన్నాడు. అతను ఫొటోలన్నీ మళ్లీ దొరకకుండా తుడిచేశాడు. మొత్తం ఖాళీ చేసేయమంటారా అని అడిగితే మామ కంగారుపడి ‘ఖాళీగ ఇయ్యొద్దు, లోపల ఏమన్న ఉండనీ’ అన్నాడు. అతను నవ్వుకుని పాత సిస్టం, అందులోని ప్రోగ్రాములు అలాగే వదిలేశాడు. కంటికి కనపడని ప్రోగ్రాములతో మామకి తృప్తి కలిగినట్టు లేదు. బండెక్కించే ముందు ఆయన ఆ పాత డబ్బా మీదకి వంగి కాసేపు ఏదో చేశాడు. వీడ్కోలు చెప్పుకుంటున్నాడనుకుని నేను మర్యాదగా పక్కకి తిరిగాను.

క్యాంపు అత్తకి మామ ఫోన్ చేసి, విజయదశమి నాడు వచ్చి ఫొటోలు చూసి ఎంచుకోమన్నాడు. పండగపూట మొదటిసారి చూడటం మంచిదని ఆవిడ చాలా సంతోషపడింది. దానికి ముందురోజే ఆయుధ పూజ. ఆ పొద్దున నేను మామ కంటే ముందే స్టూడియోకి వెళ్లి, కొత్త కంప్యూటర్‌కి హార్డ్ డిస్క్ తగిలించి, బ్యాకప్ సీడీ కోసం వెతికాను. సీడీలన్నీ పాత కంప్యూటర్‌తో పాటే కవర్లో వెళ్లిపోయాయి. పరవాలేదులే, ఆ ప్రోగ్రాం కాపీ ఒకటి డిస్కులోనే ఉంది. నొక్కాను. తెర మధ్యలో చిన్న పెట్టె వచ్చి, ఈ ప్రోగ్రాం ఈ ఆపరేటింగ్ సిస్టంలో పనిచేయదని ఇంగ్లీషులో చాలా వినయంగా చెప్పింది. మళ్లీ నొక్కాను. అదే వినయం. పాత పద్ధతిలో నడిపి చూసే ఏర్పాటు ఒకటుందని కోర్సులో విన్నాను, అదీ చేశాను. ప్రోగ్రాం తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోయింది. నెట్‌లో దాని కొత్త వెర్షన్ దొరికింది, చీమ నడకన దింపుకుని వేశాను. అది బాగానే తెరుచుకుంది గానీ, మా మూటని చూసి ఇదేమిటో నాకు తెలియదు అంది. అప్పటికి నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. రాయచూరు సార్‌కి ఫోన్ చేశాను. ఆయన పండగ హడావిడిలో ఉన్నా ఓపిగ్గా విని, ‘మూట కట్టినోడే విప్పాల. పాత సిస్టం, పాత సాఫ్ట్‌వేర్ రెండూ ఒక్కచోట ఉన్న మెషిన్ ఏదన్న చూసుకో’ అని పెట్టేశాడు. అలాంటి మెషిన్ నాకు ఈ భూమ్మీద ఒక్కటే తెలుసు, దాన్ని మేమే పంపించేశాం.

ఇంతలో మామ పూజ సామాను బుట్టతో వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే స్విచ్ ఆపేసి, కొత్త కంప్యూటర్‌కి విభూతి పట్టెలు పెట్టి, కెమెరా, స్టాండు, లైటు, ప్రింటరు, ఆఖరికి ఫొటోలు కత్తిరించే కత్తెర కూడా వరసగా పేర్చి, హార్డ్ డిస్కు మీద ఒక నిమ్మకాయ పెట్టాడు. హారతి ఇస్తున్నంతసేపూ నేను కళ్లు మూసుకునే ఉన్నాను, భక్తితో కాదు. గుమ్మడికాయ కొట్టాక ‘ఇంగ రేపు పొద్దటిదాక వీట్ని ఎవ్వరు ముట్టొద్దు’ అన్నాడు మామ. ఆయుధ పూజ అయ్యాక పనిముట్టుకి విశ్రాంతి. దాన్ని కదిలిస్తే ఏడాదంతా పని సాగదని ఆయన నమ్మకం. అప్పుడు చెప్పాను. మామ కొబ్బరి చిప్ప చేతిలో పట్టుకుని అలాగే స్టూలు మీద కూర్చున్నాడు. తిడతాడని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది.

‘ముహూర్తం గూడ అండ్లనే ఉందా?’ అని అడిగాడు.

‘అన్ని అండ్లనే ఉన్నయ్ మామా’ అన్నాను.

ఆయన చిప్ప కింద పెట్టి, పెళ్లికి షామియానా వేసినతన్ని పట్టుకుందాం పద అన్నాడు. అతను మస్కిలోనే ఉంటాడు, కొత్తగా కెమెరా ఫోన్ కొన్న మోజులో ఆ పెళ్లిలో తెగ ఫొటోలు తీశాడు. ఏమీ లేకపోతే కనీసం అవైనా పనికొస్తాయని మామ ఆశ. పాపం అతను సంతోషంగా అన్నీ చూపించాడు. జీలకర్ర బెల్లం పెడుతున్న ఫొటోలో మామ వీపు ఉంది. తాళి కడుతున్న ఫొటోలో మామ వీపు, దాని పక్కన లైటు ఎత్తి పట్టుకున్న నా వీపు. తలంబ్రాల ఫొటోలో మా ఇద్దరి వీపుల మధ్య సందులోంచి పెళ్లికొడుకు మోచెయ్యి కనిపించింది. మండపంలో కూర్చున్న చుట్టాలకి ఏ పెళ్లిలోనైనా కనపడేది ఇదేనని ఆ రోజు తెలిసింది. మామ ప్రతి ఫొటోనూ శ్రద్ధగా చూసి ‘అంగీ జర ఇస్త్రీ చేయించుకోవాల్సింది’ అన్నాడు. నాకు నవ్వు రాలేదు. రేపు బస్సు దిగి, డబ్బా చేత్తో పట్టుకుని మెట్లెక్కబోయే మనిషే కళ్ల ముందు మెదులుతోంది.

ఇక మిగిలింది సింధనూరు షాపతను. ఫోన్ చేస్తే, ఆ పాత కంప్యూటర్ తుర్విహాళలో ఒక ఎరువుల అంగడికి అమ్మేశానన్నాడు. వాళ్లకీ పూజకి ఒక కంప్యూటర్ కావాలన్నారట. మామ బైకు అప్పటికే బంతిపూల దండ వేసుకుని చక్రాల కింద నిమ్మకాయలతో విశ్రాంతిలో ఉంది కాబట్టి బస్సుకి వెళ్లాం. హార్డ్ డిస్కు మీద నిమ్మకాయని మామ రెండు చేతులతో తీసి, దండం పెట్టి, క్షమించమని ఏదో గొణిగి డిస్కుని సంచిలో పెట్టుకున్నాడు. ఆడించడానికి కాదు, మోసుకుపోవడానికే కాబట్టి తప్పు లేదని నాకు కాదు, తనకి తనే చెప్పుకున్నాడు. బస్సు ముందు రెండు అరటి కొమ్మలు కట్టి ఉన్నాయి. అవి ఊగుతుంటే డ్రైవర్‌కి రోడ్డు ఎంత కనపడుతోందో తెలియదు గానీ, నాకు మాత్రం నా భవిష్యత్తు అస్సలు కనపడలేదు. పాత కంప్యూటర్‌ని వాళ్లు పూర్తిగా ఖాళీ చేసి ఉంటే? కొత్త సిస్టం వేయించి ఉంటే? ఎరువుల లెక్కల కోసం ఆ బ్యాకప్ ప్రోగ్రాంని తీసేసి ఉంటే? ఒక్కో స్టాపు దగ్గర ఒక్కో కొత్త భయం ఎక్కింది, ఏదీ దిగలేదు.

ఎరువుల అంగడిలో పూజ అప్పుడే అయింది. యూరియా బస్తాల మీదుగా సాంబ్రాణి పొగ తేలుతోంది. మా పాత కంప్యూటర్ తూకం కాటా పక్కన, తెర నిండా విభూతితో, మెడలో దండతో కూర్చుని ఉంది. పరాయి ఇంట్లో మనింటి పిల్లని చూసినట్టనిపించింది. అంగడి సావుకారు పెద్దమనిషి, కన్నడంలోనే మాట్లాడాడు. అందులో ఏమీ మార్చలేదని ఆయన చెప్పగానే నాకు సగం ప్రాణం వచ్చింది. కానీ ఈ మెషిన్‌తో తనకో ఫిర్యాదు ఉందన్నాడు. తెచ్చిన మర్నాటి నుంచే అందులోంచి చీమలు వస్తున్నాయట, ఎన్నిసార్లు తుడిచినా తగ్గడం లేదట. మామ చటుక్కున యూరియా బస్తా మీద ముద్రించిన అక్షరాలు చదవడంలో మునిగిపోయాడు. నేను విషయం వివరించి, ఒక్కసారి ఆన్ చేసి చూసుకుంటామని బతిమాలాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. పూజ చేసిన మెషిన్ రేపు బన్ని ఆకు, అదే మన జమ్మి, పంచుకున్నాకే కదిలేది, తన తండ్రి కాలం నుంచీ తక్కెడకి కూడా అదే నియమమన్నాడు. సాయం కోసం మామ వైపు చూశాను. మామ ఎంతో గౌరవంగా తల ఊపుతూ ‘అది కరెక్టే, ముట్టొద్దు’ అన్నాడు. ఆ క్షణంలో ఇద్దరు పెద్దమనుషులూ ఒకరికొకరు తెగ నచ్చేశారు. నేను బస్తా మీద కూలబడ్డాను.

అప్పుడే వెనక నుంచి ‘మీరేంటి ఇక్కడ?’ అని వినిపించింది. క్యాంపు అత్త. ఆ వైపు రైతులందరికీ ఎరువులు ఆ అంగడి నుంచే, పూజకి అందర్నీ పిలుస్తారు, ఆవిడ ప్రసాదం తీసుకోవడానికి వచ్చింది. మేము ఏదో నసిగాం. పండగపూట ఊళ్లోకి వచ్చి భోంచేయకుండా వెళ్తారా అంటూ ఆటో ఎక్కించింది. ఇంట్లో పులిహోర, గారెలు, పరమాన్నం. విస్తరి ముందు కూర్చుంటే ఎదురుగా గోడ మీద మేకు కనిపించింది. మేకు కింద సున్నం కొత్తగా, నలుపలకలుగా వేసి ఉంది. పెళ్లి ఫొటో పెద్దది కట్టించి అక్కడ పెడతానని, ఆల్బం కంటే ముందు అదే చేయించమని, వడ్డిస్తూ చెప్పింది ఆవిడ. తర్వాత ఆసుపత్రి మాట వచ్చింది. ఫోన్లో మేళం జోరందుకోగానే తాళి కడుతున్నారని తెలిసి, చేతికి సూది ఉన్న సంగతి మరిచిపోయి అక్షింతలు వేయబోయానని, అక్షింతలెక్కడివి అని నర్సు నవ్విందని, తనూ నవ్వుతూ చెప్పింది. మామ విస్తరి వైపే చూస్తున్నాడు, తినడం లేదు.

‘అక్కా, రేపు నువ్వు మస్కికి రావద్దు’ అన్నాడు మామ.

‘ఏం అన్నయ్యగారూ, మళ్లీ రేపా?’

‘కాదక్కా. ఫొటోలు ఒక మూటల చిక్కినయ్. మూట విప్పుతందుకు మా పాత కంప్యూటర్ గావాలె, అది ఎరువుల అంగడిల పూజల ఉంది. రేపు పొద్దుగాల విప్పుతం. వస్తయో రావో, నేను చెప్పలేను.’

ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఒకసారి గోడ మీద మేకు వైపు చూసింది. తిట్టలేదు, ఏడవలేదు, ఎవరి తప్పని అడగలేదు. నా విస్తట్లో ఇంకో గారె వేసి ‘విప్పేటప్పుడు నేనూ ఉంటాను’ అంది, అంతే. అంత భయంకరమైన గారె నేను మళ్లీ తినలేదు. ఆ మాట విన్నాక మస్కి వెళ్లే ధైర్యం మాకు లేక, ఆవిడ వెళ్లనివ్వకా, ఆ పూట ఆ ఇంట్లోనే ఉండిపోయాం. పరుపు మెత్తగానే ఉంది, నిద్రే రాలేదు. పక్కన మామ కూడా అటూ ఇటూ దొర్లుతూ, మధ్యలో ఒకసారి ‘కడగమన్నది నేనే గదరా’ అన్నాడు.

విజయదశమి పొద్దున ఎరువుల అంగడి ముందు జనం. బన్ని ఆకులు ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని, బంగారం తీసుకుని బంగారంలా ఉందామని చెప్పుకుంటున్నారు. క్యాంపు అత్త కొత్త చీర కట్టుకుని వచ్చి కాటా పక్కన స్టూలు మీద కూర్చుంది. ఒళ్లో గుప్పెడు ఆకులు. సావుకారు కంప్యూటర్‌కి దండం పెట్టి దండ తీశాడు, నేను తెర మీద విభూతి తుడిచాను. స్విచ్ నొక్కే ముందు చీమల బారు ఎక్కడి నుంచి వస్తోందో చూద్దామని పాతబడి వదులైన సీడీ అర చేత్తో బయటికి లాగాను. అందులో కాగితం పొట్లం, చక్కెర. అది చక్కెరని పట్టి చూస్తే గానీ తెలియనంతగా చీమలు కమ్మి ఉన్నాయి. అంగడంతా మామ వైపు చూసింది. మామ నేల చూపులు చూస్తూ, ఖాళీ డబ్బా ఒకరింటికి ఎట్లా పంపుతారని కన్నడంలో అడిగాడు. సావుకారు కాసేపు ఆలోచించి, అదీ నిజమే అన్నాడు. ఇద్దరూ కలిసి చీమలకి హాని జరగకుండా పొట్లాన్ని బయట గోడవారన పెట్టి వచ్చారు. నేను ఈలోగా ఊదుతూ, దులుపుతూ, దీని లోపల ఇంకెక్కడెక్కడికి వెళ్లాయో అనుకుంటూ స్విచ్ నొక్కాను.

అది ముక్కుతూ మూలుగుతూ లేచింది. ఆ మూలుగు నాకు ఎంత ఇష్టమైనదో అంతకు ముందు తెలియదు. హార్డ్ డిస్క్ తగిలించాను. పాత బ్యాకప్ ప్రోగ్రాం ఉన్నచోటే ఉంది. తెరిచాను, మూటని చూపించాను. పచ్చగీత ఒకటి మొదలైంది, కొంచెం జరిగి ఆగింది. చాలాసేపు ఆగింది. కరెంటు ఉంటుందా అని ఎవరో అడిగారు, ఆ మనిషి వైపు నేను చూసిన చూపుకి అతను బయటికి వెళ్లిపోయాడు. మామ నా భుజం మీద చెయ్యి వేశాడు, ఆ చెయ్యి చల్లగా ఉంది. క్యాంపు అత్త మాత్రం గీతని చూడలేదు, నా మొహాన్నే చూస్తోంది, అందులోనే ఆల్బం ఉన్నట్టు. గీత మళ్లీ కదిలింది. కదిలి, నింపాదిగా అవతలి చివరకి చేరుకుంది.

మొదటి ఫొటో తెరిచాను. పందిరి గుంజ పాతుతున్నారు. ఆవిడ స్టూలు ముందుకి జరుపుకుంది. పసుపు దంచడం, మంగళ స్నానం, బుట్టలో పెళ్లికూతురు, అన్నీ వరసగా ఒక్కొక్కటీ నెమ్మదిగా తెరుచుకున్నాయి. పాత కంప్యూటర్ కాబట్టి పెద్ద ఫొటో పైనుంచి కిందికి, ముక్క ముక్కగా దిగేది. తెర లాగుతున్నట్టే ఉందని ఆవిడ మురిసిపోయింది. ఎరువులు కొనడానికి వచ్చిన రైతులు బస్తాల మీద కూర్చున్నారు, పెళ్లిలో బంతి భోజనానికి ఆగినట్టు ఎవరూ కదలలేదు. వీడు ఎవరు, ఆ పట్టుచీర ఆవిడ ఎవరు అని అడుగుతుంటే చూడని పెళ్లి గురించి అత్తే అందరికీ చెప్పింది. ఆ తర్వాత తాళి కడుతున్న ఫొటో వచ్చింది. ముందు పందిరి కనిపించింది, తర్వాత అల్లుడి తలపాగా, తర్వాత కూతురి వంచిన తల. మొత్తం దిగేసరికి ఆవిడ లేచి నిలబడింది. ఒళ్లోని బన్ని ఆకులు గుప్పిట్లోకి తీసుకుని, కళ్లకద్దుకుని, తెర మీద వేసింది. ఎవరూ చెప్పకుండానే సావుకారు, ఆయన వెనక రైతులు, అందరూ లేచి తమ చేతుల్లోని ఆకులు వేశారు. కీబోర్డు నిండా ఆకులు. మామ ముందుకి వచ్చి, అలవాటు కొద్దీ ఆవిడ వైపు చెయ్యెత్తాడు గానీ ‘స్వల్ప నగ్రీ’ అనలేకపోయాడు. ఆవిడ అప్పటికే నవ్వుతోంది. మామ మొహమంతా విచ్చుకుని, కళ్లు తుడుచుకుంటూ, తనే నవ్వేశాడు. ఆ నవ్వుకి ఫొటో లేదు, కెమెరా మస్కిలో ఉండిపోయింది.

ఆల్బం ఆ దీపావళికి నిజంగానే అయింది. చివరి పేజీలో ఏం పెట్టమంటారని అడిగితే, షామియానా అతని ఫోన్లో ఉన్న మా వీపుల ఫొటో పెట్టమంది ఆవిడ. నాకు సిగ్గేసింది. ‘నా బదులు దగ్గరుండి చూసింది మీరే కదా బాబూ, మీరూ ఉండాలి’ అంది. మామ ఇస్త్రీ లేని అంగీతోనే ఆ పేజీలోకి ఎక్కాడు.

ఇప్పుడు నేనుండేది రాయచూరులో, చేసేది కంప్యూటర్ల పనే. నా ఫొటోలు ఇక్కడో చోట, అక్కడో చోట, ఆకాశంలో ఇంకో చోట ఉన్నాయి. అయినా తెర మీద కొత్త వెర్షన్ వచ్చింది, వేసుకుంటావా అని అడిగితే ‘రేపు’ అని నొక్కుతాను, మామ రేపు. ఎవరికైనా పాత మెషిన్ ఇచ్చేటప్పుడు జేబులో చెయ్యి చక్కెర కోసం వెతుక్కుంటుంది. మొన్న తుర్విహాళ మీదుగా వెళ్తూ క్యాంపులో ఆగాను. అత్తకి జుట్టు నెరిసింది గానీ గారెల చెయ్యి మారలేదు. గోడ మీద మేకుకి పెళ్లి ఫొటో వెలిసిపోయి వేలాడుతోంది. మామ పోయిన సంగతి మాట్లాడుకున్నాక ఆవిడ ఆల్బం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. చివరి పేజీ తీశాను. మామ వీపు పక్కన, లైటు రెండు చేతులతో తలకి మించి ఎత్తి పట్టుకుని, మెడ కొద్దిగా వెనక్కి తిప్పి చూస్తున్న బక్కపలచటి కుర్రాడు. మొహం నిండా కంగారు. ఇంకా ఏమీ జరగలేదు, అయినా అప్పటికే కంగారే. భుజం తట్టి, లైటు కాస్త కిందికి దించుకోరా, ఏం కాదులే అని చెప్పాలనిపించింది. వాడు నా వైపే చూస్తున్నాడు గానీ, నమ్మేలా లేడు.